సైన్స్ ప్రాజెక్టులో ఆధారాలు వెతకడం, రాయడం: పిల్లలు, తల్లిదండ్రులు, తోటి టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, ములుగు వైపు బడుల్లో సైన్స్ ఫెయిర్ల సీజన్ మొదలైందంటే నాకు వచ్చే ఫోన్లలో సగం మోడల్ గురించి, సగం రిపోర్ట్ చివరి పేజీ గురించి ఉంటాయి. ఆ పేజీలో "ఆధారాలు" అని రాసి, కింద "గూగుల్, యూట్యూబ్, వికీపీడియా" అని మూడు మాటలు పెట్టి స్పైరల్ బైండింగ్ చేయించేస్తున్నారు. ఇది పిల్లల తప్పు కాదు. ఆ పేజీ ఎలా రాయాలో మనం వాళ్ళకు నేర్పలేదు. ఇన్నేళ్ళుగా నన్ను అడిగిన ప్రశ్నల్లో మళ్ళీ మళ్ళీ వచ్చేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

"గూగుల్‌లో చూశాను" అని రాస్తే ఎందుకు సరిపోదు?

జరిగిన సంగతి ఒకటి చెప్తాను. ఎనిమిదో తరగతి అమ్మాయి మునగాకు మీద ప్రాజెక్ట్ చేసింది. చార్టు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో "మునగాకులో పాలకూర కంటే 25 రెట్లు ఇనుము" అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది. జడ్జిగా వచ్చిన సార్ చార్టు మొత్తం ఓపికగా చదివి, "ఈ 25 రెట్లని ఎవరు కొలిచారు బిడ్డా?" అని అడిగారు. "గూగుల్ సార్" అంది. ఆయన కోప్పడలేదు. "ఎండిన ఆకా, పచ్చి ఆకా?" అని ఇంకో ప్రశ్న వేశారు. అమ్మాయి నా వైపు చూసింది. గైడ్ టీచర్‌ని నేనే. నాకూ తెలియదు.

ఇంటికొచ్చి రెండు రాత్రులు కూర్చుని వెతికాను. ఎండబెట్టి పొడి చేసిన మునగాకును పచ్చి పాలకూరతో పోల్చినప్పుడు ఇలాంటి లెక్కలు పుడతాయి. పచ్చి పాలకూరలో నూటికి 90 పాళ్ళు నీళ్ళే. ఒక ఆకులో నీళ్ళన్నీ తీసేసి, రెండో ఆకును నీళ్ళతోనే తూకం వేస్తే తేడా ఎంతైనా వస్తుంది. పచ్చిదాన్ని పచ్చిదానితో పోలిస్తే మునగాకులో ఇనుము ఎక్కువే, కానీ 25 రెట్లు మాత్రం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో 528 రకాల మన తిండి పదార్థాలకు, 100 గ్రాముల్లో ఏ పోషకం ఎంత ఉందో కొలిచి ఇచ్చారు. ఆ పట్టిక ముందే మా చేతిలో ఉండి ఉంటే ఆ చార్టు వేరేగా ఉండేది.

గూగుల్ మనకు ఇల్లు చూపించింది, అంతే. ఆ ఇంట్లో ఎవరున్నారు, వాళ్ళు ఏం కొలిచి ఏం చెప్పారు అన్నది మనం లోపలికి వెళ్ళి చూసి రాయాలి.

నమ్మదగిన ఆధారం అని దేన్ని అంటారు?

మన దగ్గర గొలుసుకట్టు చెరువులు పిల్లలందరికీ తెలుసు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది చెరువులోకి వస్తాయి, అది నిండితే ఇంకా కిందికి పోతాయి. సైన్స్ సమాచారం కూడా అలాగే దిగి వస్తుంది. ఎవరో ఒకరు ప్రయోగశాలలోనో పొలంలోనో కొలుస్తారు. దాన్ని పరిశోధన పత్రంగా రాస్తారు. దాన్ని చూసి పాఠ్యపుస్తకం వాళ్ళు, పేపర్ వాళ్ళు, వెబ్‌సైట్ల వాళ్ళు రాస్తారు. వాళ్ళను చూసి వీడియోలు, ఫార్వర్డ్‌లు వస్తాయి. మనకు అందేది ఎక్కువగా చిట్టచివరి చెరువు నీళ్ళే. అది తప్పేం కాదు, కానీ అక్కడే ఆగిపోకుండా కట్టల మీదుగా పైకి నడవడం నేర్పాలి.

నడిచేటప్పుడు మూడు సంగతులు అడగాలి. కొలిచింది ఎవరు? ఎలా కొలిచారు, ఎన్నిసార్లు, ఎన్ని నమూనాల మీద? తెలిసినవాళ్ళు ఇంకెవరైనా దాన్ని సరిచూశారా? ఈ మూడింటికీ జవాబు దొరికితే అది మంచి ఆధారం. ఒక్కదానికీ దొరకలేదంటే, ఎంత అందంగా రాసినా వదిలేయాలి. ఇంకో మాట, చెప్పేవాడు ఆ వస్తువునే అమ్ముతుంటే రెండింతలు జాగ్రత్తగా చూడాలి.

ఆర్ఓ ఫిల్టర్లు అమ్మడానికి ఇంటికొచ్చే వాళ్ళు టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల మొత్తం) చూపించే మీటర్ నీళ్ళలో ముంచి "300 చూపిస్తుంది, ఈ నీళ్ళు పనికిరావు" అంటారు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా టీడీఎస్ ఉండొచ్చు, వేరే నీటి వసతి లేకపోతే 2000 దాకా అనుమతి ఉంది. పైగా ఆ మీటర్ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పదు, సూక్ష్మజీవులు ఉన్నాయో లేదో చెప్పదు. ఫ్లోరైడ్‌కు అదే ప్రమాణంలో విడిగా హద్దు పెట్టారు: లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5. మా పిల్లలు ఈ ప్రమాణం కాపీ దింపుకుని ఇంట్లో చూపించారు. ఒక తల్లి ఫోన్ చేసి "మా వాడు ఫిల్టర్ ఆయన్ని ప్రశ్నలడిగి పంపించిండు టీచర్" అని చెప్తే నాకు ఆ ఏడాది మొత్తం పడ్డ కష్టం మర్చిపోయినట్టయింది.

వికీపీడియా వాడకూడదని మా సార్ అన్నారు. నిజమేనా?

చదవండి, తప్పకుండా చదవండి. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది, చాలా విషయాలు మంచిగా ఉన్నాయి. కానీ రిపోర్ట్‌లో ఆధారంగా దాన్ని పెట్టకండి. వాక్యం చివర చిన్న అంకె కనపడుతుంది కదా, దాని మీద నొక్కితే ఆ సమాచారం ఎక్కడ నుంచి తెచ్చారో చూపిస్తుంది. ఆ లింక్ తెరిచి, చదివి, అందులో నిజంగా ఆ మాట ఉంటే దాన్నే రాయండి. అంకె లేని వాక్యం అయితే రిపోర్ట్‌లోకి తీసుకోకండి.

వాట్సాప్‌లో సైంటిస్టులే చెప్పారని వచ్చింది. రాయొచ్చా?

2024 డిసెంబర్ 4 పొద్దున గుర్తుందా? ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో భూకంపం వచ్చింది, ఇక్కడ మంచాలు, వంటింట్లో గిన్నెలు కదిలాయి. బడికి వచ్చేసరికే పిల్లల ఇళ్ళలో ఫోన్లు నిండిపోయాయి. ఒక మెసేజ్‌లో తీవ్రత ఒకలా, ఇంకో దాంట్లో ఇంకోలా. "ఇంకా పెద్దది వస్తుంది, ఇళ్ళలో ఉండకండి" అని గంటతో సహా చెప్పే వాయిస్ మెసేజ్‌లు కూడా. పిల్లల ముఖాల్లో టెన్షన్ స్పష్టంగా కనపడింది.

ఆ రోజు పాఠం పక్కన పెట్టేశాను. ఢిల్లీలో జాతీయ భూకంప అధ్యయన కేంద్రం ఉంది. దేశమంతటా పెట్టిన భూకంపమాపకాలను చూసుకుని తీవ్రత, లోతు, చోటు ప్రకటించేది వాళ్ళు. వాళ్ళ సైట్ తెరిస్తే తీవ్రత 5.3, లోతు 40 కిలోమీటర్లు అని ఉంది. బోర్డు మీద రాశాను. తర్వాత రెండో ప్రశ్న: ఫలానా రోజు, ఫలానా గంటకు భూకంపం వస్తుందని ముందే చెప్పగలరా? అమెరికా భూగర్భ సర్వే సంస్థ తమ పేజీలో సూటిగా రాసింది, పెద్ద భూకంపాన్ని అలా ముందే చెప్పగలిగిన శాస్త్రవేత్త ఇంతవరకు ఎవరూ లేరని. ఒక పిల్లవాడు లేచి "అయితే ఆ వాయిస్‌లో చెప్పినాయన పేరేంది టీచర్?" అన్నాడు. మెసేజ్ మళ్ళీ విన్నారు. పేరు లేదు, ఊరు లేదు, సంస్థ లేదు. నేను చెప్పకుండానే పిల్లలే పట్టుకున్నారు.

కాబట్టి వాట్సాప్ మెసేజ్‌ను ఆధారంగా రాయకూడదు. ఒక్క చోట రాయొచ్చు: మీ ప్రాజెక్టే పుకార్ల మీద అయితే అదే మీ నమూనా. అప్పుడు స్క్రీన్‌షాట్, తేదీ పెట్టి, పంపినవాళ్ళ పేరు, నంబర్ కొట్టేసి చూపించండి.

దినపత్రిక వార్తను ఆధారంగా పెట్టొచ్చా?

ఏ రోజు ఏం జరిగిందో చెప్పడానికి పెట్టొచ్చు. అంకెలకు మాత్రం ఒక మెట్టు పైకి వెళ్ళండి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ నమోదు కానంత. వాన లెక్క రోజును అర్ధరాత్రి నుంచి కొలవరు, పొద్దున ఎనిమిదిన్నర నుంచి మరుసటి రోజు ఎనిమిదిన్నర దాకా కొలుస్తారు. అందుకే ఒక పేపర్ 26 అంటే ఇంకోటి 27 అంటుంది. రెండూ అబద్ధం కాకపోవచ్చు. వాతావరణ శాఖ, రాష్ట్ర ప్రణాళికా సంస్థ వర్షమాపకాల నివేదికలు చూస్తే ఈ గందరగోళం ఉండదు.

చాట్‌జీపీటీ లాంటి ఏఐ రెఫరెన్సులు కూడా ఇస్తోంది. అవి పెట్టుకోవచ్చా?

ఇచ్చినవి ఇచ్చినట్టు అస్సలు పెట్టకండి. పోయినేడు ఒక పదో తరగతి అబ్బాయి పత్తిలో గులాబీ రంగు పురుగు మీద రిపోర్ట్ తెచ్చాడు. చివర ఐదు రెఫరెన్సులు, చూడటానికి ముచ్చటగా, రచయితల పేర్లు, సంపుటి, పేజీలతో సహా. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే వెతికాం. రెండు అసలు లేవు. ఇంకోటి ఉంది గానీ వరి గురించి. అబ్బాయి దొంగతనం చేయలేదు, నమ్మాడు. 2023లో న్యూయార్క్‌లో లాయర్లే ఇలా నమ్మి లేని కేసులను కోర్టుకు చూపించి 5000 డాలర్ల జరిమానా కట్టారు. లాయర్లే మోసపోయిన చోట పదిహేనేళ్ళ పిల్లవాడు మోసపోవడంలో వింత లేదు. వాడికి సరిచూసే పద్ధతి నేర్పడం మన పని.

పద్ధతి ఇది. కొత్త పరిశోధన పత్రాల్లో చాలావాటికి డీఓఐ అనే నంబర్ ఉంటుంది, ఎప్పుడూ 10తో మొదలవుతుంది. డీఓఐ డాట్ ఓఆర్‌జీ అనే సైట్‌లో ఆ నంబర్ కొడితే నేరుగా ఆ పేపర్ దగ్గరకు తీసుకెళ్తుంది. వెళ్ళిన చోట అదే పేరు, అదే రచయితలు కనపడాలి. పాత పేపర్లకు నంబర్ తెలియకపోతే శీర్షిక మొత్తం గూగుల్ స్కాలర్‌లో, అంటే పరిశోధన పత్రాలు వెతికే గూగుల్ సైట్‌లో, కొట్టి చూడండి. అసలు లేని పేపర్ సాధారణంగా అక్కడే దొరికిపోతుంది.

పదాలు అర్థం చేసుకోవడానికి, ఇంగ్లిష్‌లో ఏ మాటతో వెతకాలో తెలుసుకోవడానికి ఏఐని అడగండి. ఆ పనికి అది బాగానే ఉంటుంది.

మరి నేరుగా ఎక్కడ వెతకాలి?

పంటల సంగతైతే ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రచురణలు. వాళ్ళ ప్రాంతీయ పరిశోధన స్థానం వరంగల్‌లోనే ఉంది, టీచర్ ముందే మాట్లాడి పిల్లల్ని తీసుకెళ్తే ఇంకా మంచిది. తిండి, పోషకాలకు జాతీయ పోషకాహార సంస్థ. ఆరోగ్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, వైద్య పరిశోధన పత్రాలు వెతికే పబ్‌మెడ్ సైట్. వానలు, ఎండలకు వాతావరణ శాఖ. వెతికే మాటల తర్వాత "సైట్" అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, "జీఓవీ డాట్ ఇన్" అని రాస్తే ప్రభుత్వ సైట్లే వస్తాయి. ఈ ఒక్క చిట్కాతో సగం చెత్త తగ్గుతుంది.

పుస్తకాలను మర్చిపోకండి. తెలుగు అకాడమీ 1968 నుంచి డిగ్రీ స్థాయి సైన్స్ పుస్తకాలు తెలుగులో వేస్తూ వచ్చింది. జిల్లా గ్రంథాలయంలో అడగండి.

మాది తెలుగు మీడియం. ఇంగ్లిష్ పేపర్లు ఎలా చదవాలి టీచర్?

ఈ ప్రశ్న అడిగే పిల్లల గొంతులో ఒక సిగ్గు వినపడుతుంది. అక్కర్లేదు బిడ్డా. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు కూడా పరిశోధన పత్రం మొదటిసారి చదివితే తల తిరుగుతుంది.

పేపర్ మొత్తం చదవొద్దు. ముందు పైన ఉండే సారాంశం, తర్వాత పట్టికలు, వాటి కింద రాసిన వాక్యాలు, చివరి పేరా చదవండి. గూగుల్ అనువాదం వాడుకోండి, కానీ మూడు చోట్ల కన్నేసి ఉంచండి. ఒకటి, కొలమానాలు: మిల్లీగ్రాము, మైక్రోగ్రాము తారుమారైతే వెయ్యి రెట్లు తేడా. రెండు, "కంట్రోల్" అనే మాటను అనువాదం "నియంత్రణ" అని ఇస్తుంది. ప్రయోగంలో దాని అర్థం మందు వేయకుండా పోలిక కోసం ఉంచిన మొక్కలు అని. మూడు, "సిగ్నిఫికెంట్" అంటే పత్రాల్లో చాలాసార్లు "ముఖ్యమైన" అని కాదు, ఆ తేడా ఊరికే యాదృచ్ఛికంగా వచ్చింది అనుకోవడం కష్టమని లెక్క కట్టి చెప్పడం.

తర్వాత పేపర్ మూసేసి, మీకు అర్థమైంది మీ తెలుగులో రెండు వాక్యాలు రాయండి. మళ్ళీ తెరిచి సరిచూసుకోండి. ఈ మూసి రాయడం అలవాటైతే కాపీ కొట్టడం అనే గొడవే ఉండదు.

పేపర్ తెరిస్తే డబ్బులు కట్టమంటోంది.

కట్టకండి. సారాంశం దాదాపు ఎప్పుడూ ఉచితమే. గూగుల్ స్కాలర్‌లో ఆ పేపర్ కింద "అన్ని వెర్షన్లు" అని ఉంటుంది, అక్కడ ఉచిత కాపీ చాలాసార్లు దొరుకుతుంది. లేకపోతే టీచర్ పేరుతో రచయితకు ఈమెయిల్ రాయొచ్చు. బడి పిల్లల కోసమని రాస్తే పంపేవాళ్ళు ఉన్నారు, నాకు పంపారు. సారాంశం మాత్రమే చదివితే "సారాంశం చదివాను" అని నిజాయితీగా రాయండి.

జర్నల్‌లో వచ్చిందంటే ఇక నిజమే కదా?

చాలావరకు. కానీ కళ్ళు మూసుకుని కాదు. 1998లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో, 12 మంది పిల్లల వివరాలతో, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండొచ్చని సూచిస్తూ ఒక పేపర్ వచ్చింది. తర్వాత ఎన్నో పెద్ద పరిశోధనలు అలాంటి సంబంధం లేదని తేల్చాయి. ఆ పేపర్‌లోనే తప్పుడు పనులు బయటపడి 2010లో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది. ఇప్పటికీ అది చూపించి టీకాలు వద్దనేవాళ్ళున్నారు. అందుకే పేపర్ పేజీలో "రిట్రాక్టెడ్" అన్న మాట ఉందేమో ముందు చూడమంటాను. డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చేసే పత్రికలు కూడా చాలా ఉన్నాయి. ఒక్క పేపర్ మీద మొత్తం ప్రాజెక్ట్ నిలబెట్టకండి.

పుస్తకంలో ఇచ్చిన రెఫరెన్స్‌నే నేనూ రాసేస్తే ఏం?

మీరు చదవనిది చదివినట్టు రాసినట్టవుతుంది. దీనివల్ల ఎంత నష్టమో చూడండి. పాలకూరలో ఇనుము చాలా ఎక్కువని ఎందుకు అనుకున్నారు? పాతకాలం జర్మన్ శాస్త్రవేత్త దశాంశ బిందువు తప్పు పెట్టి పది రెట్లు ఎక్కువ రాశాడని ఒక కథ ఉంది. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కూడా ఈ కథ వచ్చింది. అందరూ దాన్నే చూపిస్తూ పోయారు. 2010లో మైక్ సట్టన్ అనే ఆయన అసలు మూలం కోసం వెనక్కి వెతుక్కుంటూ పోతే ఆ దశాంశ బిందువు తప్పుకు ఆధారమే దొరకలేదు! అంటే, తప్పుల గురించి హెచ్చరించడానికి చెప్పే కథే ఆధారం లేని కథ. 2014లో ఓలే బ్యోర్న్ రెక్డాల్ అనే నార్వే పరిశోధకుడు ఇలాంటి కథలు పండితుల మధ్యే ఎలా పాకుతాయో వివరంగా రాశాడు. ఈ కథ తెలిసిన రోజు నేను నా పాత నోట్సులన్నీ తీసి చూసుకున్నాను. అందులో ఆ దశాంశ బిందువు కథ నా చేతిరాతలోనే ఉంది, ఎన్నో బ్యాచ్‌లకు చెప్పాను.

అసలు పేపర్ దొరకకపోతే "ఫలానా పుస్తకంలో చెప్పిన ప్రకారం" అని మీరు చదివిన పుస్తకాన్నే రాయండి.

సరే, ఏ వరుసలో రాయాలి?

రాసినవారి పేరు, సంవత్సరం, శీర్షిక, ఎక్కడ అచ్చయింది, సంపుటి, పుటలు. వెబ్ పేజీ అయితే సంస్థ పేరు, పేజీ పేరు, లింక్, మీరు చూసిన తేదీ. తేదీ ఎందుకంటే పేజీలు మారిపోతాయి.

ఉదాహరణ మనవాడిదే తీసుకుందాం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికా శాస్త్రవేత్త ఫిస్కెతో కలిసి శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. దాన్ని ఇలా రాస్తాం: ఫిస్కె సి. హెచ్., సుబ్బారో వై. (1925). ద కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ, సంపుటి 66, పుటలు 375–400. ఈ ఒక్క వరుస పట్టుకుని ప్రపంచంలో ఎవరైనా ఏ లైబ్రరీలోనైనా ఆ పేజీ తెరవగలరు. వందేళ్ళ తర్వాత కూడా. పిల్లలకు ఇది చూపిస్తే ఆధారం రాయడం ఎందుకో ఇక వేరే చెప్పక్కర్లేదు.

రిపోర్ట్ లోపల, ఆ సమాచారం వాడిన వాక్యం పక్కనే, బ్రాకెట్‌లో పేరు, సంవత్సరం పెట్టాలి. చివరి పేజీలో మాత్రమే పెడితే ఏ మాట ఎవరిదో తెలియదు. కామాలు, చుక్కలు అటుఇటు అయితే ఎనిమిదో తరగతిలో నేను మార్కులు తీయను.

రైతు చెప్పింది, మా నానమ్మ చెప్పింది రాయకూడదా?

రాయండి, గర్వంగా రాయండి. "పత్తి రైతు, 30 ఏళ్ళ అనుభవం, మా ఊరు, ఫలానా తేదీన నాతో మాట్లాడినప్పుడు చెప్పినది" అని రాయాలి. పేరు పెట్టాలంటే వాళ్ళను అడిగి పెట్టాలి. అది వాళ్ళ అనుభవంగా రాయండి, ప్రయోగంలో తేలిన విషయంగా కాదు. నానమ్మ చెప్పినదాన్ని మీరే నాలుగు కుండీల్లో పరీక్షించి చూస్తే అది మీ సొంత ఆధారం అవుతుంది. మీ లాగ్‌బుక్, అందులోని తేదీలు కూడా ఆధారమే.

మా పాప రామప్ప గుడిలోని, నీటిలో తేలే ఇటుకల మీద చేస్తానంటోంది. మంచి ఆధారాలు దొరుకుతాయా?

చాలా మంచి విషయం. గుడి శాసనం 1213 నాటిది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. యునెస్కో పేజీలోనే ఆ ఇటుకలు తేలికైనవని, గుల్లగా ఉంటాయని, పైకప్పు బరువు తగ్గించాయని ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టించండి.

చాలా వీడియోల్లో "ఈ రహస్యం ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు" అంటారు. తేలడంలో రహస్యం లేదు, ఘన సెంటీమీటరుకు ఒక గ్రాము కంటే తక్కువ సాంద్రత ఉంటే, లోపలికి నీరు పీల్చేదాకా ఏ ఇటుకైనా తేలుతుంది. మా దగ్గర ఒక జట్టు మట్టిలో వరి ఊక రకరకాల పాళ్ళలో కలిపి, కాల్చి, తూచి, బకెట్‌లో వేసి చూసింది. ఊక కాలిపోయి చిన్న చిన్న గుంతలు మిగిలాయి, ఇటుక తేలికైంది. కొన్ని ముక్కలై చేతిలోనే రాలిపోయాయి, అది కూడా రాసుకున్నారు. రిపోర్ట్‌లో ఒక పిల్ల "కాకతీయులు ఊకతో ఇలా చేశారు" అని రాస్తే కొట్టేసి, "ఊక కలిపితే మా ఇటుక తేలికైంది" అని మార్పించాను. మొదటి వాక్యానికి వాళ్ళ దగ్గర ఆధారం లేదు. రెండోదానికి బకెట్, త్రాసు, లాగ్‌బుక్ ఉన్నాయి. అన్నట్టు, గుడి దగ్గర ఇటుక ముక్క కూడా ముట్టుకోవద్దని చెప్పండి, అది రక్షిత కట్టడం.

ఎన్ని ఆధారాలు ఉండాలి?

చదివినవి ఎన్నో అన్ని. ఉన్నత పాఠశాల రిపోర్ట్‌కు నాలుగైదు చాలు.

ఫోటోలకు కూడా రాయాలా?

రాయాలి. మీరు తీసిందైతే మీ పేరు, తేదీ. నెట్ నుంచి తీసిందైతే ఎవరిదో, ఎక్కడిదో.

నేను సైన్స్ టీచర్‌ని. సిలబస్సే పూర్తి కావడం లేదు, ఇది ఎప్పుడు నేర్పాలి?

నాకూ అదే ఇబ్బంది. నేను ప్రత్యేకంగా పాఠం పెట్టడం మానేశాను. నెలకు ఒక పీరియడ్‌లో ఇరవై నిమిషాలు, బోర్డు మీద ఒక్క వాక్యం రాస్తాను, వాళ్ళ ఇళ్ళలో తిరిగే మాటే. "చపాటా మిర్చి రంగు ఎక్కువ, కారం తక్కువ" అన్నది ఒకసారి పెట్టాను. నలుగురు నలుగురు జట్లు. ఒక్కో జట్టు ఆ మాట పై చెరువు ఎక్కడుందో వెతకాలి. ఒక జట్టు ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకెళ్ళే వాళ్ళ నాన్నను అడిగింది, ఒక జట్టు 2025లో వచ్చిన భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వివరాలు పట్టుకుంది, ఒక జట్టు మధ్యలో ఒక అమ్మకపు సైట్ దగ్గర ఆగిపోయింది. ఎవరు ఎంత పైకి వెళ్ళారో మాట్లాడుకున్నాం. మార్కులు లేవు. ఆగిపోయిన జట్టే ఎక్కువ ప్రశ్నలు అడిగింది.

ఎంత వెతికినా ఆధారం దొరకలేదు. ఆ అంకె చాలా బాగుంది, తీసేయడానికి మనసొప్పడం లేదు.

తీసేయండి. లాగ్‌బుక్‌లో మాత్రం ఆ అంకె రాసి, ఏ తేదీన, ఏ మాటలతో, ఎక్కడెక్కడ వెతికారో పక్కన పెట్టండి. "మూలం దొరకలేదు" అని రాసిన పేజీని నేను జడ్జిగా వెళ్ళినప్పుడు మొదట చూస్తాను, దానికి మార్కులు కూడా వేస్తాను.